బ్లోవరు మోత నుంచి 90 మైక్రోవాట్లు: గుణుపురం వైపు ఒక రైసు మిల్లు కేస్ స్టడీ

ఒడిశా రాయగడ జిల్లాలో గుణుపురం పరిసరాల్లోని ఉప్పుడు బియ్యం మిల్లు ఇది. షెల్లరు (వడ్ల పొట్టు తీసే యంత్రం) నుంచి వచ్చే ఊకను లాగి సైక్లోనులోకి (గాలి నుంచి ఊకను వేరు చేసే గరాటు డబ్బా) కొట్టే సెంట్రిఫ్యూగల్ బ్లోవరు, దానికి నేరుగా కప్లింగ్ చేసిన 10 హెచ్‌పీ నాలుగు పోల్ మోటారు, ఇంపెల్లరుకు 8 రెక్కలు. మిల్లులో అన్నిటికంటే పెద్ద మోత దానిదే. "ఇంత మోత ఊరికే పోతోంది గదా, నాలుగు లైట్లైనా వెలగవా?" అన్నది యజమాని ప్రశ్న. మిల్లు డ్రైవరుకు, అంటే యంత్రాలు నడిపే మనిషికి, కావలసింది వేరు: బ్లోవరు బేరింగు వేడెక్కుతుంటే, అది పట్టేసేదాకా కాకుండా ముందే తెలియాలి. లైట్లు వెలగవు. బేరింగు సంగతి మాత్రం ఈ మోత చెప్పగలదు, కొన్ని షరతులతో. మోతను ఒక పైపులో పోగు చేసి, దాని కొసన పెట్టిన పీజో డిస్కుతో (వంగితే వోల్టేజీ ఇచ్చే సెరామిక్ అతికించిన ఇత్తడి బిళ్ల) చిటికెడు కరెంటు తీసి, బేరింగు వేడిని రేడియోలో పంపే చిన్న సెన్సరును నడపడమే ఇక్కడి ఉపాయం.

లైట్లు ఎందుకు వెలగవు

120 డెసిబెల్ ధ్వని అంటే చదరపు మీటరుకు 1 వాటు. ప్రతి 10 డెసిబెల్ తగ్గితే అది పదో వంతు అవుతుంది. కాబట్టి 100 డెసిబెల్ దగ్గర చదరపు మీటరుకు 10 మిల్లీవాట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు 1000 వాట్ల దగ్గర ఉంటుంది, అంటే లక్ష రెట్లు ఎక్కువ. మన చెవి వినగలిగే కనిష్ఠ ధ్వని వాటులో లక్ష కోట్ల వంతు. అంత సున్నితమైన చెవి కాబట్టే చిటికెడు శక్తి కూడా చెవులు చిల్లులు పడే మోతగా తోస్తుంది.

ఇంకో వైపు నుంచి చూసినా అదే తేలుతుంది. మోటారు ఇచ్చేది 7.5 కిలోవాట్లు. బ్లోవరు సౌండ్ పవర్ 110 డెసిబెల్ అనుకున్నా, నాలుగు దిక్కులకూ అది వెదజల్లే ధ్వని మొత్తం 0.1 వాటు. మిల్లు చుట్టూ గోడలన్నీ పైపులతో నింపి ఒక్క చుక్క పోకుండా పట్టినా దాటలేని హద్దు అది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటీ వెలగదు.

గుణుపురం రైలు కూతతో ఫోను ఛార్జ్ చేయొచ్చా అని కూడా అడుగుతుంటారు. 120 డెసిబెల్ కూత 10 సెకన్ల పాటు 100 చదరపు సెంటీమీటర్ల పైపు మూతి మీద పడితే అందేది 0.1 జౌల్. 4000 ఎంఏహెచ్ ఫోను బ్యాటరీలో 55 వేల జౌళ్లు పడతాయి. నష్టాలేవీ లేవనుకున్నా ఐదున్నర లక్షల కూతలు కావాలి.

కొలత

ఈ పనిలో మొదటి తప్పటడుగు సౌండ్ మీటరుతోనే పడుతుంది. మామూలుగా మీటరు 'ఏ' (చెవికి వినిపించే తీరులో మంద్ర స్వరాలను తగ్గించి చూపే) వెయిటింగ్‌లో ఉంటుంది. చెవికి నష్టం అంచనా వేయడానికి అదే సరైనది, కానీ 200 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు 11 డెసిబెల్ తక్కువ చూపిస్తుంది. ఈ బ్లోవరు పీల్చే మూతికి 30 సెంటీమీటర్ల దూరంలో 'ఏ'లో 97 కనిపించిన చోటే మంద్ర స్వరాలను తగ్గించకుండా చూపే 'సీ'లో 108 వస్తుంది. శక్తి లెక్కలో 11 డెసిబెల్ అంటే పన్నెండున్నర రెట్లు.

మొత్తం మోత ఎంతన్నది కూడా పెద్దగా పనికిరాదు. అది ఏ స్వరంలో పోగుపడి ఉందన్నదే ముఖ్యం. రెక్కల సంఖ్యను సెకనుకు తిరిగే చుట్లతో గుణిస్తే ప్రధాన స్వరం వస్తుంది. నేమ్‌ప్లేటు మీద నిమిషానికి 1440 చుట్లు అని ఉన్నా లోడు మీద ట్యాకోమీటరు (వేగం కొలిచే మీటరు) 1455 చూపింది. 1455ను 60తో భాగిస్తే 24.25, దాన్ని 8తో గుణిస్తే 194 హెర్ట్జ్. ఫోనులో ధ్వనిని స్వరాలుగా విడదీసి చూపే ఏ ఎఫ్ఎఫ్‌టీ యాప్ తెరిచినా అక్కడే నిటారుగా ఒక శిఖరం కనిపిస్తుంది. స్వరం ఎక్కడుందో ఫోను సరిగానే చెబుతుంది, ఎంత గట్టిగా ఉందన్నది మాత్రం దాన్ని నమ్మి రాసుకోవద్దు. ఇంత మోతలో ఫోను మైకు గొంతు పట్టుకుపోతుంది.

పైపు మూతి గాలి లాగే దారిలో ఉండకూడదు, పక్కకు ఉండాలి. గాలి మూతిని ఒరుసుకుపోతే పైపు తనంతట తానే కూస్తుంది, కొలతలన్నీ చెడతాయి.

పైపు

హెల్మ్‌హోల్ట్జ్ కుండ (ఇరుకు మెడతో ఒకే స్వరానికి మోగే పాత్ర) కంటే ఒక కొస మూసిన పావు తరంగం పైపే (పొడవు ధ్వని తరంగంలో నాలుగో వంతు) ఇక్కడ మేలు. 194 హెర్ట్జ్‌కు దాని పొడవు అర మీటరు లోపే. ఇక కుండ మెడలో ఊకదుమ్ము చేరితే స్వరం జారిపోతుంది. పైపును మూతి కిందికి ఉండేలా వేలాడదీస్తే దుమ్ము దానంతట అదే రాలిపోతుంది.

30 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు 349.5 మీటర్లు. దాన్ని 194తో, మళ్లీ 4తో భాగిస్తే 450 మిల్లీమీటర్లు. తెరిచిన మూతి దగ్గర గాలి కాస్త బయటికి కూడా ఊగుతుంది కాబట్టి వ్యాసార్ధంలో 0.6 వంతు తీసేయాలి. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు లోపలి వ్యాసం 104, అంటే తీసేయాల్సింది 31. మూతి నుంచి లోపలి కొసను మూసే పలక దాకా 419 మిల్లీమీటర్లు ఉండాలి. అయితే పైపును 480కి కోసి, పలకను లోపల జరపగలిగేలా పెట్టాలి. పలకకు 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై, అంచు చుట్టూ గాడిలో ఓ-రింగు, వెనక పట్టుకోవడానికి ఎం6 రాడ్డు. ఓ-రింగు దగ్గర సన్నటి సందున్నా పైపు పెంచే పీడనం సగానికి సగం పోతుంది. వాసెలిన్ పూస్తే సరిపోతుంది.

ఇలా కట్టిన పైపు క్యూ విలువ (తన స్వరానికి ఎంత గట్టిగా, ఎంత ఇరుకుగా మోగుతుందో చెప్పే అంకె) 20 దగ్గర ఉంటుంది. నునుపైన పైపుకు లెక్క ప్రకారం ఇంకా ఎక్కువే రావాలి, అతుకులూ డిస్కూ కలిసి దాన్ని దించుతాయి. క్యూ 20 అంటే మూసిన కొస దగ్గర పీడనం బయటి కంటే 25 రెట్లు. 108 డెసిబెల్ అంటే 5 పాస్కల్స్, లోపలి పలక మీద 125 పాస్కల్స్.

డిస్కు

బజారులో దొరికే 27 మిల్లీమీటర్ల బజర్ డిస్కును అంచులు అతికించి పలకలో పెట్టి, ఏమీ రాలేదని వదిలేసేవారు చాలామంది. కారణం సులువు. ఆ డిస్కు సహజంగా మోగేది నాలుగు వేల హెర్ట్జ్ దరిదాపుల్లో. 194 హెర్ట్జ్‌కు అది వట్టి రేకు, పాస్కల్‌కు ఒకటి రెండు మిల్లీవోల్టులు ఇస్తే గొప్ప. పైపును శ్రుతి చేసినట్టే డిస్కునూ శ్రుతి చేయాలి.

50 మిల్లీమీటర్ల ఇత్తడి డిస్కు, మధ్యలో 25 మిల్లీమీటర్ల సెరామిక్ ఉన్నది తీసుకోవాలి. పలకకు 46 మిల్లీమీటర్ల రంధ్రం చేసి డిస్కు అంచును సన్నటి అరాల్డైట్ వలయంతో కూర్చోబెట్టాలి. ఇత్తడి వైపు నడిమధ్యన ఎం4 స్క్రూ తలను అతికించి, దాని మీద నట్టు, వాషర్లు బిగించాలి. స్క్రూతో కలిపి బరువు 12 గ్రాముల చుట్టుపక్కల ఉంటే డిస్కు 194 దగ్గరికి దిగుతుంది. ఒక్కో వాషరు వేస్తూ తీస్తూ శ్రుతి చేయొచ్చన్నదే స్క్రూ పెట్టడంలో సుఖం. పెద్ద నట్టును నేరుగా డిస్కుకు అతికిస్తే దాని అడుగు భాగం సెరామిక్‌ను వంగనివ్వదు, వోల్టేజీ పడిపోతుంది.

టంకం సెరామిక్ అంచు దగ్గర, ఒకటి రెండు సెకన్లలో ముగించాలి. ఎక్కువసేపు కాల్చితే వెండి పూత లేచిపోతుంది, అక్కడ సెరామిక్ ధ్రువణం (వంగితే వోల్టేజీ ఇచ్చే గుణం) కూడా పోతుంది. వైరు ఎంత సన్నదైతే అంత మంచిది. డిస్కు వెనక దుమ్ము పడకుండా చిన్న డబ్బా మూయాలి, దానికి అర మిల్లీమీటరు రంధ్రం ఉంచాలి. అది లేకపోతే ఎండకు డబ్బాలో గాలి ఉబ్బి డిస్కును ఒక వైపు వంచేస్తుంది.

శ్రుతి చేయడానికి చిన్న స్పీకరు, ఫోనులో టోన్ జనరేటరు, మల్టీమీటరు చాలు. 180 నుంచి 210 దాకా ఒక్కో హెర్ట్జ్ పెంచుతూ ఏసీ వోల్టేజీ రాసుకోవాలి. ముందు పైపు లేకుండా డిస్కు శిఖరం, తర్వాత పైపులో పెట్టి రాడ్డు జరుపుతూ రెండో శిఖరం. రెండూ ఒకేచోట కలిస్తే ఒక్కసారిగా తెలుస్తుంది.

మిల్లులో బిగించాక ఒక పరీక్ష తప్పనిసరి. పైపు మూతిలో మందమైన ఫోము కుక్కి వోల్టేజీ చూడాలి. అది పదో వంతుకు పడిపోకపోతే వస్తున్నది ధ్వని నుంచి కాదు, ఫ్రేము అదురు నుంచి. 12 గ్రాముల బరువున్న డిస్కు అదురుకు కూడా ఊగుతుంది మరి. ధ్వని నుంచి కరెంటు తీశామని చూపించే ప్రదర్శనల్లో చాలావాటికి ఈ ఫోము పరీక్ష పెడితే అసలు రంగు బయటపడుతుంది. ఇక్కడ పైపును బ్లోవరుకు కాకుండా పక్కనున్న ఇటుక గోడకు, రబ్బరు బుష్‌ల మీద బిగించారు.

సర్క్యూటు

డిస్కు కెపాసిటెన్స్ 30 నానోఫారడ్లు. 194 హెర్ట్జ్ దగ్గర అది 27 కిలోఓముల అడ్డంకి, కాబట్టి రెసిస్టరుతో పరీక్షించేటప్పుడు 27 కిలోఓములు పెడితేనే గరిష్ఠం కనిపిస్తుంది. ఏ లోడూ లేనప్పుడు డిస్కు శిఖర వోల్టేజీ 7 వోల్టులు.

ఏసీని డీసీ చేసే రెక్టిఫయరు, వోల్టేజీని దించే బక్ కన్వర్టరు ఒకే చిప్పులో ఉన్న ఎల్‌టీసీ 3588 వాడారు. 3.3 వోల్టుల అమరికలో దాని ఇన్‌పుట్ కెపాసిటరు 5.05 వోల్టులకు ఎక్కితే అవుట్‌పుట్ ఇస్తుంది, 3.67కు దిగగానే ఆపేస్తుంది. ఇండక్టరు 10 మైక్రోహెన్రీ, అవుట్‌పుట్ కెపాసిటరు 47 మైక్రోఫారడ్, ఇన్‌పుట్ నిల్వ 470 మైక్రోఫారడ్. ఒక్కో దఫా దొరికేది 2.8 మిల్లీజౌళ్లు. బ్లూటూత్ లో-ఎనర్జీ చిప్పు మేలుకుని, బేరింగు హౌసింగుకు అంటించిన థర్మిస్టరును (వేడి కొలిచే రెసిస్టరు) చదివి, ఆ అంకెను మూడు సార్లు ప్రసారం చేసి పడుకోవడానికి 1.5 మిల్లీజౌళ్ల బడ్జెట్ ఇస్తే సరిపోతుంది. లోరా (ఎక్కువ దూరం వెళ్లే రేడియో) అయితే ఒక్క పంపకానికే 7, 8 మిల్లీజౌళ్లు కావాలి, నిల్వను 2200 మైక్రోఫారడ్‌కు పెంచాలి, రెండు పంపకాల మధ్య ఎడం కూడా ఆ లెక్కనే పెరుగుతుంది.

అవుట్‌పుట్ సిద్ధమని చెప్పే పీగుడ్ పిన్ను లేచాకే మైక్రోకంట్రోలరుకు కరెంటు వెళ్లాలి. నేరుగా కలిపితే అది సగం వోల్టేజీ దగ్గర లేవబోయి, వచ్చిందంతా తాగేసి, మళ్లీ పడిపోతూ అక్కడే గిరగిరా తిరుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ముంచేది నిల్వ కెపాసిటరే. డబ్బాలోంచి తీసిన మామూలు ఎలక్ట్రోలిటిక్ 20 మైక్రోయాంపులు లీకయిందనుకోండి, 4.4 వోల్టుల దగ్గర అది 88 మైక్రోవాట్లు. పైపు తెచ్చేది మొత్తం అంతే! కెపాసిటరును 5 వోల్టులకు నింపి, విడదీసి, 10 నిమిషాల తర్వాత ఒక్క క్షణం మీటరు తాకించాలి. 1.3 వోల్టులు పడితే లీకేజీ 1 మైక్రోయాంపు, అది వాడుకోవచ్చు. అంతకంటే ఎక్కువ పడితే కొన్ని గంటలు 5 వోల్టుల మీద ఉంచి మళ్లీ చూడాలి, అప్పటికీ తగ్గకపోతే పారేయాలి. చిప్పు బదులు విడి షాట్కీ డయోడ్లతో రెక్టిఫయరు బ్రిడ్జి కట్టేవాళ్లకూ ఇదే చిక్కు. చల్లగా ఉన్నప్పుడు బాగుంటాయి, కానీ రేకుల షెడ్డు వేడికి లీకేజీ ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుంది.

వచ్చేదెంత? కెపాసిటెన్స్, ఫ్రీక్వెన్సీ, వోల్టేజీల సూత్రం ప్రకారం 187 మైక్రోవాట్లు. కరెంటు లాగితే డిస్కు ఊపు కూడా తగ్గుతుంది కాబట్టి చేతికి అందేది సగం, 90 ప్రాంతం. అర నిమిషానికి ఒక ప్యాకెట్టు, అంటే ఒక విడత సమాచారం.

ఎక్కడ ఆగిపోతుంది

ఈ సర్క్యూటుకు గడప ఉంది. డయోడ్ల నష్టం 0.8 కలుపుకుని డిస్కు శిఖర వోల్టేజీ 5.85 దాటాలి. 7 నుంచి 5.85కు పడడమంటే ఆరో వంతు తగ్గడమే, కానీ ఫలితం ఆరో వంతు తగ్గదు, సున్నా అవుతుంది. ధ్వని వైపు కొద్దిగా శ్రుతి తప్పితే కరెంటు వైపు పూర్తిగా చీకటి. ఈ తరహా పరికరాలు ఉదయం బల్ల మీద పనిచేసి మధ్యాహ్నం మిల్లులో మూగబోవడానికి అసలు కారణం ఇదే.

ధ్వని వేగం డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్లు పెరుగుతుంది. 15 డిగ్రీల చలికాలపు ఉదయం ఈ పైపు 189 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, 42 డిగ్రీల ఎండలో 198 దగ్గర. బ్లోవరు మాత్రం 194లోనే ఉంటుంది. క్యూ 20 ఉన్న పైపు 30 డిగ్రీలకు శ్రుతి చేస్తే అటూ ఇటూ 9 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. అందుకే రాడ్డు మీద గీతలు గీశారు. డిగ్రీకి 0.8 మిల్లీమీటర్ల లెక్కన, డిసెంబరు గీతకూ ఏప్రిల్ గీతకూ మధ్య 12 మిల్లీమీటర్ల దాకా తేడా వస్తుంది. చేత్తో జరపడం కుదరని చోట రెండు పైపులు పెట్టి ఒకటి 24 డిగ్రీలకు, ఇంకొకటి 36కు శ్రుతి చేయడం మేలు. రెండిటికీ విడి బ్రిడ్జిలు ఉండాలి. డిస్కులను ముందే కలిపేస్తే మోగని డిస్కు మోగేదాని కరెంటును మింగేస్తుంది.

రెండో శత్రువు లైన్ వోల్టేజీ. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 చుట్టూ ఇరుకు పట్టీలోనే ఉంటుంది, దాంతో బాధ లేదు. సాయంత్రం వోల్టేజీ పడినప్పుడు మోటారు స్లిప్ (లోడు వల్ల వేగంలో వచ్చే వెనకబాటు) పెరిగి 1435కు దిగితే స్వరం 191.3 అవుతుంది. అప్పుడు పైపు, డిస్కు రెండూ శ్రుతి తప్పుతాయి, గడప దాటదు. డీజీ (డీజిల్ జనరేటరు) మీద నడిచేటప్పుడు ఇంకా దూరం. దాని వేగాన్ని అదుపు చేసే గవర్నరు 51.5 హెర్ట్జ్ ఇస్తే బ్లోవరు 1500 తిరుగుతుంది, స్వరం 200.

కందిరీగలు పైపులో మట్టి గూళ్లు పెడతాయి. మూతికి 10 మిల్లీమీటర్ల కన్నాల జాలీ చాలు. దుమ్ము రాకుండా పలుచని గుడ్డ కడదామని అనిపిస్తుంది గానీ, దాని ఒరిపిడికి క్యూ పడిపోతుంది. శుభ్రం చేయడానికి కుచ్చు బ్రష్ వాడాలి. కంప్రెసర్ గాలి కొడితే డిస్కు పగులుతుంది.

మరి ఇది ఎందుకు

బేరింగు వేడి చెప్పడమే పనైతే సీఆర్ 2477 బటన్ సెల్ చాలు. దాని 1000 ఎంఏహెచ్‌లో 10,800 జౌళ్లు ఉంటాయి. అర నిమిషానికి 1.5 మిల్లీజౌళ్ల చొప్పున కాగితం మీద ఆరేళ్ల పైన వస్తుంది. ధరలోనూ శ్రమలోనూ పైపు దానికి సాటిరాదు, ఇది యజమానికి ముందే చెప్పాల్సిన మాట. చిప్పు బోర్డు ధర ఒక్కటే మిగతా సామాను మొత్తం కంటే ఎక్కువ.

బటన్ సెల్ ఇవ్వలేనిది ఒకటుంది. పైపు నడిపే ప్యాకెట్ల మధ్య ఎడమే ఒక కొలత. సెల్‌తో నడిచే సెన్సరు బ్లోవరు బాగున్నా బాగోకపోయినా అర నిమిషానికోసారి పలుకుతుంది. ఇది బ్లోవరు సరైన స్వరంలో, సరైన గట్టితనంతో మోగినప్పుడే అర నిమిషానికి పలుకుతుంది. ఇంపెల్లరు రెక్కలకు తడి ఊక పేరుకుని మోటారు బరువెక్కితే వేగం తగ్గుతుంది, స్వరం జారుతుంది, ఎడం 30 సెకన్ల నుంచి 45కు, నిమిషానికి పెరుగుతుంది. ఊక సాగడం ఆగకముందే కనిపించే సంకేతం అది. పట్టాతో (బెల్టు) నడిచే బ్లోవర్లకైతే పట్టా జారడం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. వాతావరణం వల్ల పెరిగిన ఎడాన్ని వేరు చేయడానికి ప్యాకెట్టులో బేరింగు వేడితో పాటు పైపు దగ్గరి గాలి వేడి కూడా పంపాలి. అందుకు రెండో థర్మిస్టరు, ఇంకో రెండు బైట్లు చాలు. గాలి వేడి మారకుండా ఎడం పెరిగితే చూడాల్సింది బ్లోవరునే. వేడి కూడా మారితే ముందు రాడ్డు గీత చూసుకోవాలి.

పూర్తిగా నిశ్శబ్దమైతే అర్థం మాత్రం తేలదు. బ్లోవరు ఆగిందో, డీజీ ఎక్కిందో, పైపులో కందిరీగ దూరిందో అది చెప్పదు. కాబట్టి ప్రమాద హెచ్చరిక దీని మీద ఆధారపడకూడదు. బేరింగు అలారం తప్పనిసరి అయితే బటన్ సెల్ సెన్సరును విడిగా పెట్టాలి.

కార్మికుల చెవుల మాట. ఎనిమిది గంటల పనికి ఫ్యాక్టరీ నిబంధనల హద్దు 90 'ఏ' డెసిబెల్. 97 దానికి బాగా పైన. సెన్సరుకు మోత కావాలని బ్లోవరుకు సైలెన్సరు పెట్టకుండా ఆపడం తగదు. సైలెన్సరు పెట్టినా దానికి ముందు, డక్టు లోపలి వైపు పైపును పక్కకొమ్మలా కలిపితే అక్కడి స్వరం ఇంకా గట్టిగా దొరుకుతుంది. పైగా ఆ పైపు 194 హెర్ట్జ్‌ను డక్టులోనే కొంత అడ్డుకుంటుంది. అప్పుడు ఊకదుమ్ము నేరుగా లోపలికి వస్తుంది కాబట్టి పైపును డక్టు పైభాగాన, మూతి కిందికి ఉండేలా నిలబెట్టాలి.

డీజీ గంటలు ఎక్కువుండే మిల్లుల్లో 200 హెర్ట్జ్‌కు ఇంకో పైపు అవసరం. 30 డిగ్రీల దగ్గర పలక దూరం 406 మిల్లీమీటర్లు, డిస్కు మీద బరువు దాదాపు 0.8 గ్రాము తక్కువ, అంటే ఒక పలుచని వాషరు తీసేస్తే సరి. దాని బ్రిడ్జి కూడా విడిదే, నిల్వ కెపాసిటరు ఒకటే.